ధక్కా మాయం కాదు, చోటు మారుతుంది



మా విశాఖలో బీచ్ రోడ్డు మీద 'కోస్టల్ బ్యాటరీ' అని ఒక చోటుంది. చిన్నప్పుడు ఆటోవాళ్లు ఆ పేరు కేకేస్తుంటే అక్కడ లారీ బ్యాటరీలు చార్జి చేస్తారేమో అనుకునేవాణ్ణి. ఉర్దూ మీడియం పిల్లాణ్ణి, నాకేం తెలుసు! ఒకరోజు నానాని అడిగాను. ఆయన నవ్వి, "బేటా, బ్యాటరీ అంటే తోపుల జట్టు. సముద్రం వైపు మొహం పెట్టి తోపులు నిలబెట్టిన జాగా అది" అన్నారు. నేను ఊరుకోకుండా, "మరి అంత పెద్ద తోపు పేలితే వెనక్కి తన్నదా నానా?" అన్నాను. ఆయన జవాబివ్వలేదు. తల తిప్పి కుడి చెవి నా వైపు పెట్టి, "ఫిర్ సే బోలో" అన్నారు. ఎడమ చెవి ఆయనకు వినపడదు.

నేనడిగిన సవాలుకీ, ఆ చెవికీ రిష్తా ఉందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పోయిన రంజాన్ తర్వాత మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. వాడి దాదా దగ్గర ఒక .315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉండేది. ఆయన ఇంతెఖాల్ తర్వాత కాగితాలన్నీ పక్కాగా జరిగి, లైసెన్సు వీడి పేరు మీదికి వచ్చింది. లైసెన్సున్న రేంజికి తీసుకెళ్లి ఇరవై గోలీలు కాల్చాడట. మర్నాటికి కుడి భుజం నీలంగా కమిలిపోయింది. "మామూ, నాలి మొనకి మజిల్ బ్రేక్ పెట్టిద్దామనుకుంటున్నా. ధక్కా సగానికి సగం తగ్గుతుందంట. నాలుగు రకాలు చూశాను. ఏది తీసుకోను?" అన్నాడు.

"నేను అఖ్బార్ వాణ్ణిరా, అస్లా మిస్త్రీని కాను. మగర్ దీని తారీఖ్ కొంచెం తెలుసు. అది విను, తర్వాత నువ్వే తేల్చుకో" అన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ మీకోసం కొంచెం సాఫ్‌గా రాస్తున్నాను. మన ఇళ్లలో ఫౌజ్‌లో, పోలీసులో, బ్యాంకు గార్డు నౌకరీల్లో పనిచేసిన బుజుర్గులు చాలామంది ఉన్నారు. ఇప్పుడు షూటింగ్ నేర్చుకుంటున్న పిల్లలూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే మాటే.

మాటల్లోనే ఉంది

తెలుగులో 'తుపాకి' అంటాం. ఆ మాట తుర్కీ నుంచి వచ్చింది. 'తోపు' కూడా అంతే. 'ఫిరంగి' అంటే ఫరంగీవాళ్లది, యూరప్ వాళ్లది అని. ఉర్దూ బడిలో మేం తుపాకి వెనక చెక్కని 'కుందా' అనేవాళ్లం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అదే చెక్కని 'తుపాకి మడమ' అంటారని తెలిసి ఆశ్చర్యపోయాను. మడమ ఉన్నది తన్నకుండా ఉంటుందా? "తుపాకి తన్నింది" అని తెలుగువాళ్లూ, "బందూక్ నే ధక్కా మారా" అని మనవాళ్లూ అన్నది ఒక్కటే సంగతి.

ఎందుకు తన్నుతుంది? గోలీ ఎంత జోరుతో ముందుకి పోతే, అంత జోరు వెనక్కి రావాలి. ఖుద్రత్ లెక్కలో ఉధార్ లేదు. పడవ మీంచి గట్టుకి దూకితే పడవ వెనక్కి పోతుంది చూడండి, అదే ఇది. ఫిషింగ్ హార్బర్‌లో రోజూ కనిపించేదే.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. నాలిలోంచి బయటికి పోయేది గోలీ ఒక్కటే కాదు. బారూద్ కాలి పుట్టిన గాలి కూడా పోతుంది, అదీ గోలీ కంటే ఎక్కువ వేగంతో. త్రీ-నాట్-త్రీ లెక్క తీసుకుందాం. గోలీ బరువు సుమారు 11.3 గ్రాములు, వేగం సెకనుకి దాదాపు 744 మీటర్లు. బారూద్ రెండున్నర గ్రాముల లోపే, మగర్ అది గాలిగా మారి మొన దాటేటప్పుడు గోలీకి ఒకటిన్నర రెట్లు దాటిన వేగంతో దూసుకుపోతుంది. లెక్క వేస్తే మొత్తం ధక్కాలో సుమారు మూడొంతులు గోలీది, ఒక వంతు గాలిది. నాలుగు కిలోల రైఫిల్ సెకనుకి దాదాపు మూడు మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది.

ఈ నాలుగో వంతు గుర్తుంచుకోండి. మజిల్ బ్రేక్ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

భుజమే బ్రేక్ అయిన రోజులు

మొదట్లో ఈ ధక్కాని ఎవరు మోశారు? సిపాహీ భుజం మోసింది. ఇంకెవరూ లేరు.

మన విశాఖపట్నం తారీఖ్‌లో 1780 అక్టోబరు ఒక పెద్ద పేజీ. హైదర్ అలీ మీద జంగ్‌కి మద్రాసు వెళ్లమని, ఓడ ఎక్కమని ఈస్టిండియా కంపెనీ ఇక్కడి సిపాహీలకు హుకుం ఇచ్చింది. వాళ్లు ఎక్కమన్నారు. తిరగబడ్డారు. 1857 కంటే డెబ్బై ఏడేళ్ల ముందు మన ఊరి ఒడ్డున జరిగిన బగావత్ అది. అప్పట్లో కంపెనీ సిపాహీల చేతుల్లో ఉన్నవి బ్రౌన్ బెస్ తరహా మస్కట్లు. నాలి వెడల్పు సుమారు 19 మిల్లీమీటర్లు. సీసం గుండు ముప్పై గ్రాముల పైమాటే, అంటే త్రీ-నాట్-త్రీ గోలీకి దాదాపు మూడింతలు. వేగం తక్కువే అయినా ఆ బరువుకి ధక్కా బలంగానే ఉండేది. రబ్బరు గద్దీ లేదు, చెవికి దూది లేదు. ఉన్నది నాలుగున్నర కిలోల చెక్కా ఇనుమూ, దాని వెనక మనిషి ఎముక. కవాతులో రోజూ తగిలే ఆ దెబ్బ గురించి కంపెనీ దఫ్తర్లలో ఎవరూ పట్టించుకోలేదు. సిపాహీ భుజానికి హిసాబ్ ఉండదు కదా.

1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ మనందరికీ తెలిసిందే. ఆ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గోలీ బరువు 34 గ్రాముల దాకా ఉండేది. పళ్లతో కొరకాల్సిన తూటా గురించి కితాబులు నిండిపోయాయి. అదే తూటా భుజానికి చేసిన పని గురించి రాసినవాళ్లు తక్కువ.

నవాబుల దర్బారులో ఇంకో తరీఖా నడిచింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి పులుల షికారు అంటే ఎంత షౌక్ అన్నది హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ జమానాలో పెద్ద షికారు రైఫిళ్లకి బరువే బ్రేక్. తుపాకి ఎంత బరువుంటే అంత నెమ్మదిగా వెనక్కి వస్తుంది. మగర్ ఆ బరువుని అడవి పొడుగునా మోసేది ఎవరు? నవాబు కాదు. వెనక నడిచే నౌకర్. పులి కనపడ్డాక తుపాకి చేతికందించేవాడు. అంటే నవాబు భుజం మీది ధక్కాని వేరే మనిషి భుజం మీదికి, బోజ్ రూపంలో మార్చారన్నమాట. ఈ మాట దగ్గర నా భాంజా కొంచెం ఆగాడు. "మామూ, బ్రేక్ గురించి అడిగితే నౌకర్ గురించి చెబుతున్నారేంటి?" అన్నాడు. "సబర్ కర్, అక్కడికే వస్తున్నా" అన్నాను.

బోల్ట్ వచ్చింది, గాలి పెరిగింది

1884లో పాల్ వియెయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పొగరాని బారూద్ కనిపెట్టాడు. 1886లో ఫ్రెంచి ఫౌజ్ దాన్ని లెబెల్ రైఫిల్‌లో పెట్టింది. దాంతో లోకం మారిపోయింది. గోలీ సన్నబడింది, వేగం రెండింతలకు దగ్గరైంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి తలుపు గడియలాగా తిప్పి బిగించే బోల్ట్ అన్ని దేశాల్లో ఖాయమైంది. ఇంగ్లీషువాళ్ల లీ-ఎన్‌ఫీల్డ్ ఆ ఖాందాన్‌దే. 1907లో వచ్చిన దాని మార్క్ 3 బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో కూడా తయారైంది. మన నానాలు, దాదాలు మోసిన త్రీ-నాట్-త్రీ అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి 2020 జనవరిలో గానీ విదా చెప్పలేదు.

త్రీ-నాట్-త్రీ ఫౌజీ తూటా కాబట్టి మామూలు ఆద్మీ చేతికి ఇవ్వకూడదని, అదే తరహా బోల్ట్‌తో ఇషాపూర్ వాళ్లు .315 స్పోర్టింగ్ రైఫిల్ చేశారు. మా భాంజా చేతికొచ్చింది అదే. దాని గోలీ త్రీ-నాట్-త్రీ కంటే లావు, బరువు కూడా ఎక్కువే. భుజం కమిలిందంటే తాజ్జుబ్ ఏముంది?

తోపు మొన మీద మొదలైన ఉపాయం

మజిల్ బ్రేక్ పుట్టింది రైఫిల్ కోసం కాదు, తోపు కోసం. 19వ శతాబ్దం మధ్యలో త్రోయ్ ద బోల్యూ అనే ఫ్రెంచి తోప్‌ఖానా అఫ్సర్ ఒక ఖయాల్ చేశాడు. గోలా బయటికి పోయాక దాని వెనక వచ్చే గాలి అంతా ముందుకే ఎందుకు పోవాలి? నాలి మొన దగ్గర రంధ్రాలు పెట్టి ఆ గాలిని పక్కలకీ, కొంచెం వెనక్కీ మళ్లిస్తే అది తోపుని ముందుకి లాగదా? లాగుతుంది. ముందుకి పోవాల్సిన గాలి పక్కకి తిరిగితే దాని వంతు ధక్కా పోతుంది. ఏటవాలుగా వెనక్కి తిరిగితే గోలీ ధక్కాలో కూడా కొంత కోసేస్తుంది. అసూల్ ఇంతే.

తోపులకి వేరే ఇలాజ్ కూడా దొరికింది. 1897 నాటి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల తోపులో నూనె, గాలి నింపిన సిలిండర్లు ధక్కాని తాగేసి నాలిని మళ్లీ ముందుకి తెచ్చేవి. మగర్ గోలా జోరు పెరిగేకొద్దీ అదీ చాల్లేదు. రెండో ఆలమీ జంగ్‌లో బ్రిటిష్ 25 పౌండర్ తోపుతో ట్యాంకుల మీదికి ఎక్కువ బారూద్‌తో కొట్టాల్సి వచ్చినప్పుడు అది ఎగిరెగిరి పడేది. అందుకే దాని మొనకి బ్రేక్ బిగించారు. 1965 జంగ్‌లో కూడా మన ఫౌజ్ ఆ తోపులు వాడింది. 1999లో కార్గిల్ జంగ్ టీవీలో చూసినవాళ్లకి బోఫోర్స్ తోపు గుర్తుండే ఉంటుంది. నాలి చివర లావుగా ఒక తొడుగు కనిపిస్తుంది కదా, అదే మజిల్ బ్రేక్.

ఇక బోల్ట్ యాక్షన్ రైఫిల్ మీద బ్రేక్. దీని మషూర్ మిసాల్ బాయిస్ యాంటీ ట్యాంక్ రైఫిల్. 1937లో బ్రిటిష్ ఫౌజ్‌లోకి వచ్చింది. .55 అంగుళాల గోలీ, పదహారు కిలోల బరువు, బోల్ట్ యాక్షన్. ట్యాంకు ఉక్కుని ఒక్క సిపాహీ భుజం మీంచి తూట్లు పొడవాలన్న పట్టుదల అది. మొనకి బ్రేక్ పెట్టారు, కుందాకి గద్దీ పెట్టారు, నాలి కొంచెం వెనక్కి జారేలా స్ప్రింగ్ పెట్టారు. ఇంత చేసినా దాని ధక్కా ఫౌజ్‌లో బద్నామే. మొదటి రకంలో బ్రేక్ గుండ్రంగా ఉండేది. తర్వాతి రకంలో హార్మోనియా పెట్టెలాగా బల్లపరుపుగా, పక్కలకి మాత్రమే సందులతో వచ్చింది. ఈ రెండు షకల్‌ల తేడా ఈనాటి ఖరీదుదారుడికి కూడా పాఠమే. ఎలాగో కింద చెబుతాను.

ఇంకో మిసాల్ కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసే జనం ధోకా తింటారు. 1944లో అడవి జంగ్ కోసం త్రీ-నాట్-త్రీని పొట్టి చేసి, తేలిక చేసి 'జంగిల్ కార్బైన్' తెచ్చారు. దాదాపు 3.2 కిలోలు. దాని మొన మీద గరాటులాంటి తొడుగు ఉంటుంది. చాలామంది దాన్ని బ్రేక్ అనుకుంటారు. కాదు. అది మంటని దాచే తొడుగు, ఫ్లాష్ హైడర్. ధక్కాని అది తగ్గించదు. బరువు తగ్గింది, తూటా అదే. కుందాకి పెట్టిన రబ్బరు గద్దీ సన్నగా ఉండి దెబ్బంతా ఒకే చోట గుచ్చేది. సిపాహీలు ఆ కార్బైన్‌ని తిట్టుకున్నారు. షకల్ చూసి సామాన్ కొంటే జరిగేది అదే.

ఎంచుకోవాలంటే ఏం చూడాలి

ఇక్కడికి వచ్చేసరికి భాంజా కాగితం, కలం తెచ్చుకున్నాడు. నేను చెప్పింది ఇదీ.

మొదటిది, నీ తూటాలో గాలి వంతు ఎంత? బారూద్ ఎక్కువ, గోలీ తేలిక అయితే బ్రేక్ బాగా పనిచేస్తుంది. మాగ్నమ్ తూటాల్లో గాలి వంతు మూడో వంతు దాటుతుంది, అక్కడ బ్రేక్ ఫాయిదా కళ్లకి కడుతుంది. .315లాంటి పాత తరహా తూటాలో గోలీ బరువు, బారూద్ తక్కువ. అక్కడ 'సగానికి సగం' అనే ప్రచారం నమ్మి డబ్బు పెట్టకు. ఇక .22 రైఫిల్‌కి బ్రేక్ అనవసరం. తన్నని గుర్రానికి కళ్లెం ఎందుకు?

రెండోది, రంధ్రాలు ఎటు? చుట్టూ రంధ్రాలున్న గుండ్రటి బ్రేక్ బిగించడం సులువు, ఎటు తిప్పినా ఒకటే. మగర్ బోర్లా పడుకుని కాల్చేవాడికి నేలవైపు పోయే గాలి దుమ్ము లేపి కళ్లలో కొడుతుంది. పక్కలకి మాత్రమే సందులున్నది దుమ్ము లేపదు, మరి అది సరిగ్గా సమతలంగా బిగించాలి. పైన రంధ్రాలుంటే మొన పైకి ఎగరడం తగ్గుతుంది. సందులు వెనక్కి వాలి ఉంటే ధక్కా అన్నిటికంటే ఎక్కువ తగ్గుతుంది, చప్పుడు కూడా అన్నిటికంటే ఎక్కువ వెనక్కి వస్తుంది.

మూడోది, నాలి. బ్రేక్ బిగించాలంటే నాలి మొన మీద మరలు కోయాలి. పాత రైఫిల్ నాలి మొన సన్నగా ఉంటే మరలు కోశాక మిగిలే ఉక్కు చాలదు. బ్రేక్ లోపలి దారి గోలీ కంటే కొంచెం వెడల్పుగా, నాలితో ఒకే సూటిలో ఉండాలి. వెంట్రుకవాసి వంకర వచ్చినా గోలీ బ్రేక్ గోడని గీకుతుంది. నిషానా పోవడం అటుంచి, బ్రేక్ ముక్కలై ఎగరొచ్చు. బాగా బిగించినా గోలీ తగిలే చోటు మారుతుంది, కాబట్టి మళ్లీ నిషానా సరిచేసుకోవాలి. భాంజా ముందే ఆటోనగర్‌లో ఒక లేత్ మిస్త్రీని అడిగాడట. ఆయన, "బాబూ, నేను పంపు షాఫ్టులకి మరలు కోస్తాను, తుపాకి ముట్టుకోను" అని పంపేశాడట. అల్లా ఆయన్ని సలామత్‌గా ఉంచాలి.

నాలుగోది, ఖానూన్. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి మరమ్మతు, మార్పుల వ్యాపారానికి కూడా లైసెన్సు ఉండాలి. ఇంకో సంగతి: చప్పుడుని గానీ, మంటని గానీ తగ్గించే తొడుగుని ఆ చట్టం 'ఫైర్ ఆర్మ్' నిర్వచనంలోనే కలిపింది. సైలెన్సర్ అన్నమాట అటుంచండి, ఫ్లాష్ హైడర్ కూడా అందులోకే వస్తుంది. బజారులో 'బ్రేక్ కూడా, ఫ్లాష్ హైడర్ కూడా' అని రెండు పనులు చేసే తొడుగులు అమ్ముతారు. అలాంటిది తెలియక తెప్పించుకుంటే ముసీబత్ నెత్తిమీద పెట్టుకున్నట్టే. మన పేర్లు చూసి రెండోసారి సవాల్ చేసే జమానా ఇది. లైసెన్సు ఇచ్చిన అఫ్సర్‌ని రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకుని, తర్వాతే అడుగేయాలి.

ఐదోది, పోటీల్లోకి వెళ్లాలనుకుంటే. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో ధక్కా లేనట్టే లెక్క. ఒలింపిక్ తరహా రైఫిల్ పోటీలు నడిపే ఐఎస్‌ఎస్‌ఎఫ్ నియమాల్లో రైఫిళ్ల మీద మజిల్ బ్రేక్ మనా. పిల్లల కోసం రైఫిల్ కొనే వాలిదైన్ ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

పక్కవాడి చెవి

ఇప్పుడు అసలు సంగతి. తోపు నుంచి తీసుకున్న ఉపాయమే, మగర్ తోపు దగ్గర నిలబడేవాళ్లకీ రేంజిలో పక్క వరసలో ఉన్నవాళ్లకీ తేడా ఉంది. బ్రేక్ పక్కకి తోసిన గాలి ఎక్కడికి పోతుంది? పక్కనున్న మనిషి మీదికి పోతుంది. కాల్చేవాడి చెవి దగ్గరికి కూడా పోతుంది.

చెవికి ఒక్కసారిగా తగిలే చప్పుడు 140 డెసిబెళ్లు దాటితే ఖతరా అని డాక్టర్లు చెబుతారు. బ్రేక్ లేని పెద్ద రైఫిలే ఆ హద్దు దాటుతుంది. బ్రేక్ పెడితే కాల్చేవాడి చెవి దగ్గర ఇంకో ఐదు నుంచి పది డెసిబెళ్లు పెరగొచ్చు. పది అంటే తక్కువ అనుకోకండి. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే జోరు పదింతలు. అంటే భుజం నుంచి తీసిన బోజ్ చెవి మీద పడింది. అదీ మన చెవి ఒక్కటే కాదు.

విశాఖ బీచ్‌లో రెండో ఆలమీ జంగ్ నాటి పిల్‌బాక్స్ చూశారా? సిమెంటు కాంక్రీటు గది, సన్నటి సందులు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన హార్బర్ మీద బాంబులు వేశాయి. ఒడ్డున ఫౌజ్ దిగుతుందన్న ఖౌఫ్‌తో ఊరు ఖాళీ అయిన రోజులవి. ఆ గదిలో ఇద్దరు సిపాహీలు పక్కపక్కనే నిలబడి సందులోంచి కాల్చాల్సి వస్తే ఎలా ఉంటుందో ఖయాల్ చేయండి. అలాంటి చోట మొనకి బ్రేక్ ఉన్న రైఫిల్ గది లోపల పేలితే కాల్చేవాడి భుజం హాయిగా ఉండొచ్చు, పక్కవాడి చెవులు మాత్రం అక్కడితో ఖతం. నేను బీచ్‌కి వెళ్లినప్పుడల్లా ఆ పిల్‌బాక్స్ చూసి ఇదే అనుకుంటాను.

నానా 303తో పదిహేనేళ్లు నౌకరీ చేశారు. కుడిచేతి వాటం మనిషి రైఫిల్‌ని కుడి భుజానికి ఆనిస్తే తల కుడివైపు వాలుతుంది, ఎడమ చెవి మొన వైపు తిరుగుతుంది. కుడి చెవికి తల అడ్డం ఉంటుంది. అందుకే పాత ఫౌజీల్లో ఎడమ చెవి ముందు పోతుంది. ఇది ఆయనకి ఎవరూ చెప్పలేదు. రేంజిలో అప్పుడు చెవికి దూది పెట్టుకుంటే తోటివాళ్లు నవ్వేవాళ్లట. "భుజం నొప్పి ఇషా నమాజ్ వేళకి పోయేది బేటా, మర్నాడు మళ్లీ వచ్చేది. చెవి మాత్రం వెళ్లి తిరిగి రాలేదు" అనేవారు.

రిటైరయ్యాక వన్‌టౌన్‌లో దర్గా కొండ కింద మా ఇంట్లో ఉన్నారు. హార్బర్‌లోకి వచ్చే పడవలు ఒకప్పుడు ఆ కొండ మీది దర్గాకి జెండా మూడుసార్లు దించి ఎత్తి సలాం చేసేవని పాత కితాబుల్లో ఉంది. ఆ సలాం కంటికి కనపడేది. చెవికి వినపడే సలాములే నానాకి అందలేదు. మస్జిద్ నుంచి వచ్చేటప్పుడు ఎడమవైపు నుంచి ఎవరైనా సలాం చేస్తే జవాబు ఉండేది కాదు. మా గల్లీలో ఒక పెద్దమనిషి ఆయన్ని మగ్రూర్ అనుకుని ఏళ్ల తరబడి మాటలు మానేశాడు. నానా జనాజాకి వచ్చినప్పుడు మా నానీ తలుపు చాటు నుంచి ఆయనకి అసలు సంగతి చెప్పింది. ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాకు అప్పుడు పదహారేళ్లు. ఆయన మొహం నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ఒక గోలీ ధక్కా అంత దూరం పోతుంది.

చివరికి ఏం చేశాడు

భాంజాకి నేను ఒకటే అడిగాను. "రేంజిలో నీ పక్క వరసలో ఎవరుంటారు?" కొంచెం ఆలోచించి, "పదిహేనేళ్ల అమ్మాయి మామూ. .22తో ప్రాక్టీస్ చేస్తుంది. వాళ్ల నాన్న వెనక కుర్చీలో కూర్చుంటాడు" అన్నాడు.

"ఐతే ముందు ఏ ఖర్చూ లేనివి చూడు. కుందా నీ చెయ్యి పొడుగుకి సరిపోయిందా? పొట్టిగా ఉంటే బొటనవేలు ముక్కుకి తగులుతుంది, పొడుగైతే దెబ్బ భుజం అంచు మీద పడుతుంది. భుజం గుంటలో గట్టిగా ఆనించావా, లేక భయపడి సందు వదిలావా? సందు వదిలితే రైఫిల్ జోరందుకుని వచ్చి కొడుతుంది. తర్వాత మంచి మెత్తటి, వెడల్పైన రబ్బరు గద్దీ వేయించు. అది ధక్కాని తీసెయ్యదు, దెబ్బని ఎక్కువ సేపు మీద, ఎక్కువ జాగా మీద పంచుతుంది. ఒక్కసారికి ఇరవై కాకుండా ఎనిమిది కాల్చు. ఇవన్నీ చేశాక కూడా భుజం ఓర్చుకోకపోతే అప్పుడు బ్రేక్ గురించి ఆలోచించు. పెడితే పక్కలకి సందులున్నది, వెనక్కి వాలనిది చూడు. పక్క వరసలో ఎవరూ లేని చోట, లేనప్పుడు కాల్చు. చెవిలో ప్లగ్గు, దాని మీద మఫ్ రెండూ పెట్టుకో" అన్నాను.

రెండు నెలల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. గద్దీ వేయించాడట, కుందా అర అంగుళం పెంచాడట. భుజం కమలడం లేదు. బ్రేక్ కొనలేదు. ఆ డబ్బుతో చెవి మఫ్‌లు మూడు జతలు తెచ్చాడు. "మూడెందుకురా?" అన్నాను.

"ఒకటి నాకు మామూ. ఒకటి ఆ అమ్మాయికి, వాళ్లకున్నది పాతబడింది. ఇంకోటి వాళ్ల నాన్నకి. ఆయన చెవులకేం పెట్టుకోకుండా కూర్చుంటున్నాడు."

నానా ఉంటే ఇది వినేవారు. కుడి చెవి తిప్పి అయినా సరే, రెండోసారి చెప్పించుకుని వినేవారు.

మీ ఇంట్లో పాత ఫౌజీ ఎవరైనా సలాంకి జవాబివ్వకపోతే, ఒకసారి కుడివైపుకి వెళ్లి మళ్లీ చెప్పి చూడండి.

ఖుదా హాఫిజ్.